పేజీ పిన్నింగ్, మైగ్రేషన్: లినక్స్ కెర్నెల్‌లో ప్యాచ్ సమీక్ష

లినక్స్ కెర్నెల్ మెమరీ నిర్వహణలో పేజీ పిన్నింగ్ అంటే ఒక మెమరీ పేజీని అది ఉన్న భౌతిక చిరునామాలోనే కదలకుండా నిలిపి ఉంచడం. పేజీ మైగ్రేషన్ అంటే పేజీలో ఉన్నదంతా మరో భౌతిక చిరునామాకు తరలించి, దాన్ని వాడుకుంటున్న ప్రోగ్రాముకు ఆ మార్పు తెలియనివ్వకపోవడం. ఒకటి కదలనివ్వనంటుంది, రెండోది కదలాలంటుంది. రెండూ ఒకే పేజీ మీదికి వచ్చినప్పుడు ఎవరి మాట చెల్లాలో తేల్చే కోడ్ కెర్నెల్‌లో కొద్దిపాటిదే. కానీ దాన్ని ముట్టుకునే ప్రతి ప్యాచ్‌నూ సమీక్షకులు ఎంతో నిదానంగా చదువుతారు. ఇక్కడ తప్పు జరిగితే కంప్యూటర్ వెంటనే ఆగిపోతుందన్న హామీ లేదు. చాలాసార్లు సమాచారం చడీచప్పుడు లేకుండా పాడవుతుంది, లేదా ఒక ప్రోగ్రాము రహస్యం మరో ప్రోగ్రాముకు చేరుతుంది.

పేజీని ఎవరు పట్టుకున్నారు, ఎందుకు పట్టుకున్నారు, ఎంతకాలం ఉంచుకుంటారు? ఈ విభాగంలో సమీక్ష అంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. గత ఇరవై ఏళ్లలో వచ్చిన పెద్ద లోపాల్లో చాలావాటికి మూలం, వీటిలో ఏదో ఒకదానికి కెర్నెల్ దగ్గర సరైన జవాబు లేకపోవడమే.

నేపథ్యం

ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లపై లినక్స్ మెమరీని 4,096 బైట్ల పేజీలుగా విభజిస్తుంది. 16 గిగాబైట్ల ర్యామ్ ఉన్న యంత్రంలో ఇలాంటి పేజీలు సుమారు 42 లక్షలు ఉంటాయి. ప్రోగ్రాములకు కనిపించేవి వర్చువల్ చిరునామాలు. ఏ వర్చువల్ చిరునామా వెనక ఏ భౌతిక పేజీ ఉందో పేజీ పట్టికల్లో రాసి ఉంటుంది. పట్టికలోని నమోదు మార్చితే చాలు, ప్రోగ్రాముకు తెలియకుండానే దాని కింది పేజీ మారిపోతుంది. మైగ్రేషన్‌కు ఆధారం ఇదే.

పరికరాల సంగతి వేరు. నెట్‌వర్క్ కార్డు, డిస్క్ కంట్రోలర్, గ్రాఫిక్స్ కార్డు వంటివి ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నేరుగా మెమరీలోకి రాస్తాయి. దీన్నే డీఎంఏ అంటారు. డ్రైవర్ ఇచ్చిన చిరునామానే పరికరం చివరిదాకా నమ్ముకుంటుంది. ఆ లోపు కెర్నెల్ పేజీని తరలిస్తే, ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవారి ఉత్తరాలు కొత్తగా దిగినవారికి అందినట్టు, పరికరం రాసిన సమాచారం మరెవరి పేజీలోనో పడుతుంది. అందుకే డీఎంఏ నడుస్తున్నంతసేపు పేజీ కదలకూడదు.

ఎమ్‌లాక్ అనే సిస్టమ్ కాల్‌నూ పిన్నింగ్‌నూ చాలామంది ఒకటే అనుకుంటారు. ఎమ్‌లాక్ చేసిన పేజీ డిస్క్ మీది స్వాప్‌లోకి వెళ్లదు, ర్యామ్‌లోనే ఉంటుంది. అయితే ర్యామ్‌లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారవచ్చు. పిన్ చేసిన పేజీకి ఆ స్వేచ్ఛ కూడా లేదు.

మైగ్రేషన్ అవసరం, పద్ధతి

పేజీలను తరలించే సౌకర్యం 2006లో 2.6.16 వెర్షన్‌తో లినక్స్‌లోకి వచ్చింది. క్రిస్టఫ్ లామెటర్ ఈ పనిలో ముఖ్యుడు. పలు ప్రాసెసర్లున్న న్యూమా సర్వర్లలో, ప్రోగ్రాము నడిచే ప్రాసెసర్‌కు దగ్గరి మెమరీలోకి దాని పేజీలను చేర్చడం తొలి లక్ష్యం. తర్వాత అవసరాలు పెరిగాయి. 2007లో మెల్ గోర్మన్ కృషితో కదల్చదగిన పేజీలకే కేటాయించిన మూవబుల్ జోన్ 2.6.23లో చేరింది. 2010లో ఆయనే రూపొందించిన మెమరీ కంపాక్షన్ 2.6.35లో వచ్చింది. 2 మెగాబైట్ల పెద్ద పేజీ కావాలంటే 512 చిన్న పేజీలు వరుసగా ఖాళీగా దొరకాలి. చెల్లాచెదురుగా ఉన్న పేజీలను ఒక పక్కకు జరిపి ఆ చోటు చేసేది కంపాక్షనే. కెమెరా, వీడియో పరికరాలకు వరుస మెమరీ అందించే సీఎంఏ 2012లో 3.5 వెర్షన్‌లో వచ్చింది. పరికరానికి అక్కర లేనప్పుడు ఆ మెమరీని కదల్చదగిన పేజీలకు అప్పుగా ఇచ్చి, అక్కర పడగానే వాటిని తరలించి వెనక్కు తీసుకోవడం దాని పద్ధతి. నడుస్తున్న యంత్రం నుంచి మెమరీని తొలగించాలన్నా, ముందు అందులోని పేజీలన్నీ ఖాళీ కావాలి.

తరలింపు కొన్ని మెట్లలో జరుగుతుంది. మొదట పేజీని, ఇటీవలి వాడకాన్ని బట్టి పేజీలను వరుసపెట్టే ఎల్ఆర్‌యూ జాబితా నుంచి విడదీసి, లాక్ చేస్తారు. పేజీ పట్టికల్లో దానికున్న నమోదులన్నీ తీసేసి, వాటి స్థానంలో మైగ్రేషన్ నమోదులు పెడతారు. ఈలోపు ఏ ప్రోగ్రాము ఆ చిరునామాను ముట్టుకున్నా, పని పూర్తయ్యేదాకా వేచి ఉండాల్సిందే. ఆ తర్వాత రిఫరెన్స్ కౌంట్ సరిచూస్తారు. పేజీని ఎందరు పట్టుకుని ఉన్నారో చెప్పే అంకె అది. ఉండాల్సినంతే ఉంటే దాన్ని స్తంభింపజేసి, సమాచారం కాపీ చేసి, పట్టికల్లో కొత్త చిరునామా నింపుతారు. అంకె ఒక్కటి ఎక్కువున్నా తరలింపు ఆగిపోతుంది, కెర్నెల్ మళ్లీ కొన్నిసార్లు ప్రయత్నిస్తుంది.

పిన్నింగ్ పరిణామం

ప్రోగ్రాము పేజీలను డ్రైవర్ల కోసం పట్టి ఇచ్చే పాత ఫంక్షన్ గెట్ యూజర్ పేజెస్. దీన్ని పొట్టిగా గప్ అంటారు. ఇది పేజీ రిఫరెన్స్ కౌంట్‌కు ఒకటి కలిపి ఊరుకునేది. కెర్నెల్‌లో మరే భాగం పేజీని క్షణకాలం పట్టుకున్నా అదే కౌంట్‌కు అదే ఒకటి కలుస్తుంది. పేజీలోని సమాచారాన్ని పరికరం మార్చుతోందా, లేక ఎవరో వివరాలు చూసి వదిలేయబోతున్నారా అన్నది ఆ అంకె చెప్పలేకపోయేది.

దీని ప్రభావం ముందుగా ఫైల్ సిస్టమ్‌లపై పడింది. ఫైలుకు చెందిన పేజీని డిస్కుకు రాసేశాక, అది ఇక మారదన్న నమ్మకంతో ఫైల్ సిస్టమ్ ముందుకు పోతుంది. గప్‌తో అదే పేజీని పట్టుకున్న పరికరం ఆ తర్వాత కూడా రాస్తూనే ఉంటుంది. చివరికి డ్రైవర్ వచ్చి పేజీ మారిందని గుర్తు పెట్టేసరికి, ఆ మాట ఎదురుచూడని ఫైల్ సిస్టమ్ కోడ్ కుప్పకూలవచ్చు. యాన్ కారా ఈ సమస్యను లోతుగా వివరించాడు. ఎన్‌విడియా ఇంజినీర్ జాన్ హబ్బర్డ్ పరిష్కారాన్ని ముందుకు నడిపాడు. 2020లో 5.6 వెర్షన్‌లో పిన్ యూజర్ పేజెస్ అనే ప్రత్యేక ఫంక్షన్ల కుటుంబం వచ్చింది. పేజీలోని సమాచారాన్ని ముట్టుకునేవారు వీటినే వాడాలి, విడిచేటప్పుడు అన్‌పిన్ యూజర్ పేజ్ పిలవాలి.

పిన్‌ను లెక్కించే పద్ధతి 5.7 వెర్షన్‌లో కుదిరింది. పేజీ వివరాల పట్టీలో కొత్త గడికి చోటు లేదు. సాధారణంగా 64 బైట్లే ఉండే ఆ పట్టీ ప్రతి పేజీకీ ఒకటి ఉంటుంది కాబట్టి, దాన్ని పెంచితే వృథా లక్షల రెట్లవుతుంది. అందుకని మామూలుగా పట్టుకుంటే ఒకటి, పిన్ చేస్తే 1,024 కలపాలని నిర్ణయించారు. ఒకే ప్రోగ్రాము వాడే మామూలు పేజీని తరలింపుకు సిద్ధం చేసి, పట్టికల నుంచి తీసేశాక, దాని కౌంట్ 1 మిగలాలి. అది తరలించేవారు పట్టుకున్నది. ఒక పిన్ ఉంటే అక్కడ 1,025 కనిపిస్తుంది, తరలింపు ఆగుతుంది. కానీ 1,024 మంది విడివిడిగా మామూలుగా పట్టుకున్న పేజీ కూడా పిన్ అయినట్టే కనిపిస్తుంది. అందుకే ఈ పరీక్ష చేసే ఫంక్షన్ పేరులోనే ‘మేబీ’ ఉంది. ‘లేదు’ అని చెబితే నమ్మవచ్చు, ‘ఉంది’ అన్నది ఊహ మాత్రమే. ఆ ఊహ తప్పినా ప్రమాదం రాని చోటనే ఈ ఫంక్షన్‌ను వాడారా అన్నది సమీక్షలో తప్పక చూస్తారు.

పెద్ద పేజీల్లో ఈ పద్ధతికి హద్దు త్వరగా వస్తుంది. 2 మెగాబైట్ల పేజీ మొత్తాన్ని చిన్న పేజీల లెక్కన పిన్ చేస్తే 512 పిన్‌లవుతాయి, కౌంట్‌కు 5,24,288 కలుస్తుంది. ఇలా 4,096 సార్లు చేస్తే 31 బిట్లలో పట్టే అంకె దాటిపోతుంది. అందుకే పెద్ద పేజీలకు 5.7లోనే విడిగా పిన్ కౌంట్ పెట్టారు.

దీర్ఘకాల పిన్‌లు

డిస్కు నుంచి చదివే పనిలో పిన్ క్షణాల్లో తొలగిపోతుంది. ఆర్‌డీఎంఏ నెట్‌వర్క్ కార్డులు, వర్చువల్ యంత్రానికి పరికరాన్ని అప్పగించే వీఎఫ్ఐఓ, ఐఓ యూరింగ్ అనే ఇన్‌పుట్-అవుట్‌పుట్ ఏర్పాటులో ముందే నమోదు చేసుకున్న బఫర్లు పేజీలను గంటలూ రోజులూ పట్టుకోవచ్చు. ఇలాంటి పిలుపులు ఫోల్ లాంగ్‌టర్మ్ అనే గుర్తుతో రావాలని 2019లో 5.2 వెర్షన్ నియమం పెట్టింది.

మూవబుల్ జోన్‌లోనో సీఎంఏలోనో ఉన్న పేజీని అక్కడే దీర్ఘకాలం పిన్ చేస్తే, ఆ ప్రాంతం ఉన్న ప్రయోజనమే దెబ్బతింటుంది. 1 గిగాబైటు మెమరీని యంత్రం నుంచి తీయాలనుకున్నప్పుడు, అందులో పిన్ అయిన ఒక్క 4 కిలోబైట్ల పేజీ ఆ పని మొత్తాన్ని అడ్డుకోగలదు. 2021లో 5.13 వెర్షన్‌లో చేరిన పావెల్ తతాషిన్ ప్యాచ్‌ల వరుస మూవబుల్ జోన్‌లో దీర్ఘకాల పిన్‌ను నిషేధించింది. ముందు పేజీలను పిన్ చేస్తారు, తర్వాత ఒక్కొక్కటి ఎక్కడుందో చూస్తారు. ఉండకూడని చోట ఒక్కటి కనబడినా అన్ని పిన్‌లూ విడిచి, ఆ పేజీలను వేరేచోటికి తరలించి, మళ్లీ మొదటి నుంచి పిన్ చేస్తారు. అంతకుముందు సీఎంఏ పేజీ తరలింపు విఫలమైతే, కెర్నెల్ దాన్ని అక్కడే పిన్ చేసి సర్దుకుపోయేది. ఈ వరుస తర్వాత అడిగినవారికి ఆ వైఫల్యం తెలిసేలా ఎర్రర్ తిరిగి వస్తుంది. వినియోగదారులకు కనబడే ఇలాంటి ప్రవర్తన మార్పును ప్యాచ్ వివరణలో స్పష్టంగా రాశారా అన్నది కూడా సమీక్షలో భాగం.

2023లో 6.5 వెర్షన్, ఫైల్ సిస్టమ్ మార్పులను గమనిస్తూ ఉండాల్సిన ఫైళ్ల పేజీల్లోకి రాయడం కోసం దీర్ఘకాల పిన్ తీసుకోవడాన్ని అడ్డుకుంది. లొరెంజో స్టోక్స్ చేసిన ఈ మార్పు ఫైల్ సిస్టమ్‌ల పాత సమస్యలో ఒక పెద్ద భాగాన్ని మూసివేసింది.

కాపీ-ఆన్-రైట్, భద్రత

ఒక ప్రాసెస్ తన నకలును సృష్టించుకోవడాన్ని ఫోర్క్ అంటారు. అప్పుడు తల్లి, పిల్ల ప్రాసెస్‌లు ఒకే పేజీని పంచుకుంటాయి. ఎవరైనా రాయబోయినప్పుడే విడి కాపీ తయారవుతుంది. ఈ ఏర్పాటుతో గప్ కలిసినచోట కెర్నెల్ చరిత్రలోని తీవ్రమైన లోపాలు పుట్టాయి. 2016 అక్టోబరులో బయటపడ్డ డర్టీ కౌ, అంటే సీవీఈ-2016-5195, 2007 నాటి 2.6.22 నుంచి కోడ్‌లో ఉంది. గప్ కాపీ తయారుచేసిన క్షణానికీ దాన్ని వాడే క్షణానికీ మధ్య వేరే థ్రెడ్ ఆ కాపీని తీసేయగలిగేది. దాంతో చదివే హక్కు మాత్రమే ఉన్న ఫైలులోకి రాయడం సాధ్యమైంది.

2020 నాటి సీవీఈ-2020-29374 మరో రకం. పిల్ల ప్రాసెస్ పంచుకున్న పేజీని పైపు ద్వారా పట్టుకుని, తన పట్టికలోంచి తీసేస్తుంది. పేజీ ఇక తనొక్కదానిదే అనుకున్న తల్లి కాపీ చేయకుండా అందులోనే రాస్తుంది. ఆ రాత పిల్లకు కనబడుతుంది. గూగుల్ ప్రాజెక్ట్ జీరోకు చెందిన యాన్ హార్న్ దీన్ని వెల్లడించాడు. పరిష్కారంగా, పేజీని ఇంకెవరైనా పట్టుకున్నట్టు కనబడితే కాపీ చేయడం మొదలుపెట్టారు. అప్పుడు ఎదురు సమస్య వచ్చింది: పరికరం పాత పేజీలో రాస్తూ ఉంటే, ప్రోగ్రాము చేతికి కొత్త కాపీ వచ్చి, ఇద్దరి దారులూ వేరయ్యాయి. పిన్ అయి ఉండవచ్చనిపించిన పేజీని ఫోర్క్ సమయంలోనే పిల్లకు కాపీ చేసి ఇచ్చే పీటర్ షూ మార్పు, 2022లో 5.19లో పేజీ ఒక్క ప్రాసెస్‌దేనని చెప్పేలా డేవిడ్ హిల్డెన్‌బ్రాండ్ తెచ్చిన ప్రత్యేక యాజమాన్య గుర్తు కలిసి ఈ విభాగాన్ని గట్టి పునాది మీద నిలబెట్టాయి.

సమీక్షలో చూసేవి

మొదట చూసేది ఉద్దేశం. పేజీ వివరాల పట్టీ చాలా, లోపలి సమాచారం ముట్టుకోవాలా? పట్టీయే చాలంటే గెట్, సమాచారం కావాలంటే పిన్. పట్టు ఎప్పుడు వదలాలో ప్రోగ్రాము చేతిలో ఉంటే అది దీర్ఘకాల పిన్ కిందే లెక్క. గెట్‌తో పట్టినదాన్ని పుట్ తోనే, పిన్‌తో పట్టినదాన్ని అన్‌పిన్ తోనే వదలాలి. కలగాపులగం చేస్తే లెక్కలో 1,023 తేడా మిగులుతుంది.

రెండోది ఎర్రర్ దారులు. డ్రైవర్ 16 పేజీలు అడిగితే ఫంక్షన్ 10 మాత్రమే పిన్ చేసి, 10 అని తిరిగి చెప్పవచ్చు. అది ఎర్రర్ కోడ్ కాదు గానీ, పని పూర్తిగా జరగలేదన్నట్టే. తిరిగొచ్చిన విలువ సున్నా కంటే తక్కువా అని మాత్రమే చూసే కోడ్, మిగతా 6 గడుల్లో ఉన్న చెత్తను పేజీలనుకుంటుంది. 16తో సమానం కాకపోతే విఫలమని నేరుగా వెళ్లిపోయే కోడ్, పట్టిన 10 పేజీలను విడవకుండా శాశ్వతంగా పిన్‌లోనే ఉంచేస్తుంది. ఈ రెండు తప్పులూ కొత్త డ్రైవర్లలో తరచూ ఎదురవుతాయి.

మూడోది లాక్‌లు, పోటీ పరిస్థితులు. గప్‌లోని వేగవంతమైన దారి లాక్ తీసుకోకుండా, ఇంటరప్ట్‌లు ఆపి పేజీ పట్టికలను చదువుతుంది. అక్కడ నిద్రపోయే ఏ పనీ చేయకూడదు, పిన్ చేశాక పట్టిక నమోదు మారలేదని మళ్లీ చూసుకోవాలి. మైగ్రేషన్‌కు నిద్ర, పేజీ లాక్, కొత్త మెమరీ కేటాయింపు మూడూ కావాలి. ఈ రెండు లోకాల మధ్య సరిహద్దు ఎక్కడుందో ప్యాచ్ నుంచే స్పష్టం కావాలి.

నాలుగోది ప్రత్యేక పేజీలు: ఎన్నో ప్రాసెస్‌లు కలిసి వాడే సున్నాల పేజీ, పెద్ద పేజీ మధ్యభాగం నుంచి మొదలయ్యే పరిధి, పరికరంలోనే ఉండే మెమరీ. ఐదోది జమాఖర్చు. పిన్ చేసిన మెమరీ వినియోగదారుడి ఎమ్‌లాక్ పరిమితిలో లెక్కకు రావాలి. లేకపోతే మామూలు వినియోగదారుడు యంత్రం మెమరీనంతా కదలకుండా చేయగలడు.

రెండు ఉదాహరణలు

2022లో, ఒక పేజీని దీర్ఘకాలం పిన్ చేయవచ్చా అని చెప్పే చిన్న ఫంక్షన్‌ను సీఎంఏకు సంబంధించి సరిదిద్దారు. పాత షరతు ప్రకారం మూవబుల్ జోన్‌లో, సీఎంఏలో లేని పేజీ అయినా, సున్నాల పేజీ అయినా పిన్ చేయవచ్చు. తిరగరాసేటప్పుడు సున్నాల పేజీ పరీక్ష కూడా నిరాకరణ గుర్తు కింది బ్రాకెట్లోకి వెళ్లింది. దాంతో అర్థం తలకిందులై, అనుమతించాల్సిన పేజీ నిషేధంలో పడింది. వీఎఫ్ఐఓతో వర్చువల్ యంత్రాలకు పరికరాలు అప్పగించే పని దెబ్బతింది. అలెక్స్ విలియమ్సన్ సవరణ పాత అర్థాన్ని తిరిగి తెచ్చింది. తార్కిక షరతును తిరగరాసే ప్యాచ్ వచ్చినప్పుడు, పాత కొత్త షరతుల సత్య పట్టికలు పక్కపక్కన రాసి చూడడం వృథా శ్రమ కాదని ఇది చెబుతుంది.

రెండోది 2024లో జాన్ హబ్బర్డ్ సరిచేసిన లీక్. పేజీలను పరిశీలించి తరలించే ఫంక్షన్‌ను విడి పేజీల నుంచి ఫోలియోలకు, అంటే ఒకటి లేదా అంతకంటే ఎక్కువ పేజీలను ఒకే వస్తువుగా చూసే కట్టలకు, మార్చేటప్పుడు, వాటి జాబితా కోసం లోపల కొత్తగా మెమరీ కేటాయింపు చేర్చారు. ఆ ఫంక్షన్ ఎర్రర్‌తో తిరిగొస్తే, లోపల పిన్‌లన్నీ విడిచే ఉంటుందన్నది పిలిచేవారితో ఉన్న ఒప్పందం. కొత్త కేటాయింపు విఫలమైనప్పుడు మాత్రం కోడ్ ఏ పిన్‌నూ విడవకుండా ఎర్రర్‌తో వెనుదిరిగింది. మెమరీ తక్కువగా ఉన్న వేళే ఈ దారి నడుస్తుంది. మెమరీ అత్యవసరమైన ఆ క్షణంలోనే పేజీలు శాశ్వతంగా చిక్కుకుపోతాయి. మార్చిన కోడ్ పంక్తులు మాత్రమే చూస్తే తప్పేమీ కనబడదు. ఫంక్షన్ మొత్తం చదివి, దాన్ని పిలిచే చోట్లు కూడా చదివినవారికే అది దొరుకుతుంది.

పరీక్షలు

కెర్నెల్‌తో పాటే వచ్చే గప్ టెస్ట్, కాపీ-ఆన్-రైట్, మైగ్రేషన్ పరీక్షలు ఈ కోడ్‌కు ప్రాథమికం. వీఎమ్‌స్టాట్ ఫైలులో ఇంతవరకు తీసుకున్న పిన్‌లు, విడిచిన పిన్‌లు విడివిడిగా కనిపిస్తాయి. పని ముగిశాక రెండంకెలూ సమానంగా రాకపోతే ఎక్కడో ఒక పిన్ మిగిలిపోయినట్టే. పరీక్ష నడుస్తుండగా కంపాక్షన్‌ను బలవంతంగా చేయించడం, మెమరీ భాగాలను ఆఫ్‌లైన్ చేయడం, మెమరీ కేటాయింపు కావాలని విఫలమయ్యేలా చేయడం అరుదైన దారులను బయటికి లాగుతాయి. లాక్‌డెప్ లాక్‌ల క్రమాన్ని, కాసాన్ మెమరీ దుర్వినియోగాన్ని పట్టుకుంటాయి. గూగుల్ నడిపే సిజ్‌బాట్ యాదృచ్ఛిక సిస్టమ్ కాల్స్‌తో లోపాలు వెదుకుతుంది.

ఆమోదం

మెమరీ నిర్వహణ విభాగానికి ఆండ్రూ మోర్టన్ చాలాకాలంగా నిర్వాహకుడు. ఆయన సేకరించిన ప్యాచ్‌లు పరీక్షా శాఖల్లో కొంతకాలం నలిగాక, రెండు వారాల విలీన వ్యవధిలో లినస్ టోర్వాల్డ్స్‌కు చేరతాయి. ‘సైన్డ్-ఆఫ్-బై’ అన్నది ఆ కోడ్‌ను అందించే హక్కు తనకుందన్న ధ్రువీకరణ. ‘రివ్యూడ్-బై’ అన్నది సాంకేతికంగా పరిశీలించానని, తన దృష్టికి వచ్చిన అభ్యంతరాలు తీరాయని సమీక్షకుడు ఇచ్చే మాట. ‘ఫిక్సెస్’ వరుస లోపం తెచ్చిన పాత మార్పును చూపిస్తుంది. ఏయే స్థిర వెర్షన్లకు సవరణ వెళ్లాలో తేల్చడానికి అది ఆధారం. ప్యాచ్‌ల వరుసలోని ప్రతి ప్యాచ్ ఒక్క పనే చేయాలి, ఏ మెట్టు దగ్గర ఆగినా కెర్నెల్ నడవాలి.

పిన్ లేని మార్గాలు

అసలు పిన్ అవసరమా అన్నది మంచి సమీక్షకుడు అడిగే మరో ప్రశ్న. పేజీ పట్టికలు మారబోతున్నాయని డ్రైవర్‌కు ముందే కబురు చెప్పే ఎమ్ఎమ్‌యూ నోటిఫయర్లు 2008లో 2.6.27లో వచ్చాయి. పేజీ ఫాల్ట్‌ను, అంటే అడిగిన చిరునామాకు పట్టికలో పేజీ దొరకని స్థితిని, తట్టుకోగల పరికరం ఆ కబురు అందగానే పాత చిరునామాను వదిలి, అవసరమైనప్పుడు కొత్తది అడుగుతుంది. 2015లో 3.19లో చేరిన ఆర్‌డీఎంఏ ఆన్-డిమాండ్ పేజింగ్ ఈ పద్ధతిదే. అలాంటి హార్డ్‌వేర్ ఉన్నచోట పేజీ స్వేచ్ఛగా కదలగలదు. లేనిచోట పిన్ తప్పదు.

ఎమ్‌లాక్ పరిమితి కింద ఎవరు ఎంత పిన్ చేశారన్న లెక్కను ఆర్‌డీఎంఏ, ఐఓ యూరింగ్, వీఎఫ్ఐఓ ఇంకా ఒకే తీరుగా రాయడం లేదు. విడి పేజీల విషయంలో ‘మేబీ’ ఇంకా ‘మేబీ’గానే ఉంది. ఈ విభాగంలోకి కొత్తగా వచ్చే ప్యాచ్ ఈ సందిగ్ధతను తగ్గిస్తోందా, మరో పొర కలుపుతోందా అన్నదే దాని విలువకు కొలమానం. పేజీని పట్టుకున్నవారెవరో, ఎందుకో, ఎంతకాలమో కోడ్‌లోనే స్పష్టంగా చెప్పే మార్పు, వేగం పెంచకపోయినా, కెర్నెల్‌కు మేలు చేసినట్టే.